బామ్మర్ది చూసిన లువార్, బావ చూపిన మానేరు

వేములవాడలో ‘వైన్స్’ అని పెద్దక్షరాల బోర్డున్న దుకాణానికి పోయి వైన్ అడిగితే, గల్లా మీది మనిషి ఒక్క నిమిషం మొహంలోకి తేరిపార చూస్తాడు. బీరుంది, విస్కీ ఉంది, బ్రాందీ ఉంది. వైన్ మాత్రం పై అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి ఉంటే ఉన్నట్టు. ఈ ముచ్చట చెప్పి నవ్వడం బావకు పాత అలవాటు. ఈసారి బామ్మర్ది నవ్వలేదు.

అతను ఫ్రాన్సు నుంచి తిరిగొచ్చి పదిహేను రోజులే అయింది. కూతురు తూర్ పట్టణంలో చదువు పూర్తిచేసింది. ఆ వేడుకకని పోయి, పనిలో పనిగా లువార్ నది వెంట ఆరు రోజులు తిరిగాడు. పిల్ల చదువు గట్టెక్కితే కోడెను కడతానని రాజన్నకు మొక్కుకున్నాడు కాబట్టి, సోమవారం హైదరాబాదు నుంచి వచ్చి, కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి, మొక్కు తీర్చుకొని, రాత్రికి అక్కాబావల ఇంట్లోనే ఉండిపోయాడు. బావ సర్కారు బడిలో చరిత్ర చెప్పి రిటైరైన పంతులు. పాఠం ఆపమని చెప్పే గంట ఇప్పుడు లేదు గనుక ఆయన మాటకు అడ్డు లేదు. మంగళవారం పొద్దున అక్క బద్ది పోచమ్మ బోనం పనుల్లో ఉండగా, వాకిట్లో రెండు కుర్చీల మధ్య వాదం మొదలైంది.

“బావా, ఒకటే నది. సుల్లి అనే ఊరికాడ మొదలుపెడితే షలోన్ దాకా 280 కిలోమీటర్లు. లోయకు లోయనే 2000 సంవత్సరంల యునెస్కో జాబితాకెక్కింది. కోట దాటంగనే ద్రాక్షతోట, తోట దాటంగనే ఊరు, ఊరు దాటంగనే మల్ల కోట. జనం సైకిళ్ల మీద తిరుగుతరు. మనకు గోదారి లేదా, మానేరు లేదా, కోటలు లేవా? ఎవలన్న వస్తున్నరా?”

“నిన్న గుడికాడ లైన్ల నిలబడ్డవు గదా. ఎవలూ రాలేదా?”

“అది మొక్కు. తిరుగుడు వేరు.”

“మనకాడ మొక్కుంటేనే తిరుగుడు బామ్మర్దీ. ఊరికెనే తిరిగేటోన్ని పనిలేనోడంటరు.”

బావ మాటలో నిజం లేకపోలేదు. ఈ జిల్లాల్లో మనుషులు ప్రయాణాలు చేయరని కాదు. దుబాయికి, మస్కట్‌కు పోయొచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. ధర్మపురికి, కొండగట్టుకు, కాళేశ్వరానికి పోతారు. గోదావరి పుష్కరాలకు లక్షల్లో కదులుతారు. 2015లో కదిలారు, 2027లో మళ్లీ కదులుతారు. పని కోసం, దేవుడి కోసం కాకుండా ఒక బురుజును చూడడానికి అన్నం మూట కట్టుకొని బయల్దేరే అలవాటు మాత్రం తక్కువ.

“సరే, షాంబోర్ చూసినవా?” బావ పరీక్ష పెట్టాడు.

“చూడకుంటనా? 1519ల మొదలుపెట్టిండ్రు. గదులే నాలుగు వందల పైచిలుకు. చలిమంటల గూళ్లు 282. నడుమల రెండు మెట్ల వరుసలు ఒకదానికొకటి మెలేసుకొని పైకి పోతయి. ఎక్కెటోనికి దిగెటోడు కనవడుతడు గని ఎదురు పడడు.”

“కట్టించిన ఫ్రాన్స్వా రాజు అన్ని గదులల్ల ఎన్ని దినాలున్నడు?”

బామ్మర్ది కొంచెం తగ్గాడు. “అంతా కలిపి 72 రోజులని గైడ్ చెప్పిండు.”

“మరి అది కోటెట్లయితది? వేటకు పోయినప్పుడు దిగనీకి కట్టుకున్న గడి. ఖిల్లా వేరు, గడి వేరు. రెంటినీ ఒక్కతాన కలిపి కోటలు కోటలు అంటే నేను ఒప్పుకోను.”

ఈ తేడా కరీంనగర్ వైపు పుట్టినవాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. ఖిల్లా అంటే కందకం, బురుజులు, ఫిరంగి. గడి అంటే దొర. ఫ్రెంచివాళ్లకు రెంటికీ ‘షాతో’ అని ఒకటే మాట. పూర్వం యుద్ధాలకు కట్టినవాటినీ ఆ మాటతోనే పిలుస్తారు, ఆ తర్వాత విలాసాలకు కట్టినవాటినీ ఆ మాటతోనే పిలుస్తారు. లువార్ ఒడ్డున యాత్రికుల్ని లాగేవాటిలో ఎక్కువ ఈ రెండో రకానివి. మానేరు, గోదావరి పక్కన మిగిలినవేమో మొదటి రకానివి: ఎలగందుల, జగిత్యాల, రామగిరి, మొలంగూర్, నది దాటితే నిర్మల్. వీటిలో పట్టు పరుపుల గదులు వెతికితే దొరకవు.

“రాజులు, విలాసాలు అంటన్నవ్ గదా,” బావ పాఠంలోకి దిగాడు. “మీ ఫ్రాన్స్వా 1516ల ఇటలీకెల్లి లియొనార్డో డావిన్చీని పిలిపించుకొని ఆంబువాజ్‌ల పెట్టుకున్నడు. ముసలాయన మూడేండ్లకు అక్కడనే పోయిండు. ఆ ఊరు దాని మీదనే బతుకుతున్నది. అవునా కాదా?”

“ఆయన ఉన్న ఇల్లు చూసిన. లోపట ఆయన గీసిన యంత్రాలకు నమూనాలు చేసి పెట్టిండ్రు.”

“గా పని మన ఊరు ఐదు వందల ఏండ్ల ముందే చేసింది. ఇది వేములవాడ చాళుక్యుల రాజధాని. రెండో అరికేసరి కొలువుల పంపకవి ఉండె. కన్నడపోళ్లు ఆదికవి అని మొక్కే పంపడు! 941ల భారతం రాసి, అర్జునునికి అరికేసరి పోలిక తెచ్చిండు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించిండు. దాంట్ల తెలుగు కంద పద్యాలున్నయి. నన్నయకు వంద ఏండ్ల ముందటి కందాలు! సోమదేవసూరి 959ల ‘యశస్తిలకం’ పూర్తిచేసింది గంగాధరలనే. ఒక్క వంశం ఏలుబడిల కన్నడం, తెలుగు, సంస్కృతం.”

“మరి ఆంబువాజ్‌ల లియొనార్డో ఇల్లు చూపెట్టిండ్రు. వేములవాడల పంపని ఇల్లేది బావా?”

బావ జవాబు చెప్పలేదు. వాదంలో బామ్మర్ది గెలిచిన మొదటి చోటు ఇదే. నిన్న రాజన్న దర్శనానికి వచ్చిన వేలమందిలో పంపడి పేరు విన్నవాళ్లెందరో లెక్కపెడితే వేళ్లు మిగులుతాయేమో. బొమ్మలగుట్టకు తోవ అడిగితే గంగాధరలో చెప్పేవాళ్లున్నారు. అడిగేవాళ్లే తక్కువ.

“ఇల్లు లేదు నిజమే,” కొంతసేపటికి బావ అందుకున్నాడు. “గడులున్నయి గదా, వాటినన్న పర్యాటకం చెయ్యాలె అంటవ్. అంటవా?”

“అంట. రంగులేసి, హోటళ్లు పెట్టాలె. రాజస్థాన్‌ల పెట్టలేదా?”

“1978 సెప్టెంబర్ 7 నాడు జగిత్యాలల ఏమైందో నీకు తెల్వదు. అప్పటికి నువ్వు పలక పట్టిన పోరనివి. ఊర్లకూర్లు కదిలి నడుసుకుంట పోయినయి, జైత్రయాత్ర అని. వెట్టి బందువెట్టాలె, దొరలు పట్టుకున్న భూములు ఇడవాలె అని. నెల తిరగంగనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించింది. గడి అంటే ఈడ అదీ.”

“ఫ్రాన్సుల కాలవెట్టలేదా? 1789 ఎండకాలంల రైతులు దొరల షాతోలల్ల జొరవడి హక్కుపత్రాలు తగలవెట్టిండ్రు. ఇప్పుడు గవ్వే షాతోలకు వాళ్ల మనుమల మనుమలు టికెట్ తీసుకొని పోతరు. షెనోన్సో అని ఒకటున్నది, షేర్ నది మీద వంతెన లెక్క కట్టిండ్రు. చుట్టుపక్కల నది దాటనీకి వేరే వంతెన లేదు, దీన్ని కూలగొడితే మీరే ఎట్ల దాటుతరు అని ఆ ఇంటామె ద్యుపాన్ దొరసాని చెప్పిందట. ఇడిసిపెట్టిండ్రు. మొదటి ప్రపంచ యుద్ధంల దాన్ని దవాఖాన చేసిండ్రు. రెండో యుద్ధంల షేర్ నదే సరిహద్దు. ఒక దర్వాజ జర్మనోళ్ల దిక్కు, ఇంకో దర్వాజ ఇవతలి దిక్కు.”

“మంచి కథే. 1789 నుంచి ఇప్పటికి ఎన్నేండ్లు?”

“రెండు వందల ముప్పై దాటినయి.”

“1978 నుంచి?”

బామ్మర్ది మాట్లాడలేదు.

“గడిల వెట్టి చేసినోడు మన ఊర్లల్ల ఇంకా బతికే ఉన్నడు. ఆయనకు ఎంత పెడతవ్ టికెట్?”

ఈ ప్రశ్నకు జవాబు బామ్మర్ది దగ్గర లేదు. యాత్రల మీద రాసేవాళ్ల దగ్గరా తరచుగా ఉండదు. ఒక కట్టడం చూడముచ్చటగా మారాలంటే దానికి భయపడ్డవాళ్లు పోవాలి, వాళ్ల పిల్లలకు ఆ భయం కథగా మిగలాలి. లువార్ ఒడ్డున అది జరిగింది. ఖిల్లాలకైతే ఇక్కడా ఆ అడ్డు లేదు. ఎలగందుల కిల్లేదారును తలచుకొని ఇవాళ ఎవరూ వణకరు. అలాంటప్పుడు ఖిల్లాలైనా ఎందుకు ఖాళీగా ఉన్నాయని బామ్మర్ది అడగవలసింది. అతను వైన్ వైపు మళ్లాడు.

అందుకు కారణం అక్క. బోనం కుండకు పసుపు కుంకుమ పెట్టి బయటికొచ్చిన ఆమె ఇద్దర్నీ చూసి, “మీ ముచ్చట్లు సల్లగుండ! సాకకు కల్లు తెప్పించిండ్రా?” అంది. పోచమ్మకు బోనం ఎక్కించి సాక పోయకపోతే మొక్కు తీరదు. కల్లు పొద్దున్నే వచ్చింది. వంటింటి గడప పక్కన సీసాలో నురగ కడుతోంది.

“ఇగో, ఇదీ,” బామ్మర్ది సీసా వైపు వేలు చూపాడు. “దేవునికి పోస్తం. పంతులు మాత్రం కల్లు మండువల కూసోడు. మండువకాడ నిన్ను ఎన్నడన్న చూసిన్రా బావా? ఆడ పంతుళ్లు, మేయర్లు, చర్చి ఫాదర్లు అందరూ ఒక్క బల్లమీద కూసొని తాగుతరు. ఏ ఊరి వైన్‌కు ఆ ఊరి పేరు. వూవ్రే అంటే ఊరు, వూవ్రే అంటే వైన్. షినోన్ ఊరే, షినోన్ వైనే. అన్నిటికన్న వింత చెప్త. ఆ కోటలు కట్టిన తెల్లరాయి మెత్తగుంటది, తుఫో అంటరు. గుట్టల కెల్లి రాయి తవ్వితే బొయ్యారాలు పడ్డయి. గా బొయ్యారాలల్లనే వైన్ పీపాలు పెడతరు. లోపట ఎండకాలం, చలికాలం ఒక్కటే తీరు సల్లగ. రాయి బయటికొచ్చి కోటయింది, రాయి పోయిన జాగ వైన్ కొట్టం అయింది.”

బావకు ఈ మాట నచ్చింది. నచ్చినట్టు పైకి తేలనివ్వలేదు. “వైన్ ఆగుతది. ఇరవై ఏండ్లు పండవెట్టినా ఆగుతది. తాటికల్లు పొద్దున దించితే పగటీలికి పులుస్తది, రేపటికి సిర్కా అయితది. దేని తీరు దానిది.”

“ఓర్లియాన్ అని పట్నం ఉన్నది, లువార్ మీదనే. వెనుకట పడవలల్ల వైన్ తెస్తుంటే తొవ్వల పులిసి పోయేదట. పులిసిన పీపాలను ఆ రేవుల దించి, వాటితోని సిర్కా చేసుడు మొదలువెట్టిండ్రు. ఓర్లియాన్ సిర్కా అని దేశమంతట పేరొచ్చింది. పులిసింది సుత పారవోయలే.”

“కల్తీ సంగతో?” బావ గొంతు పెరిగింది. “క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలమ్. చెట్టు ముఖం చూడని కల్లు పొడి కలిపి పోస్తరు. ఒక్కదినం దొరకకుంటే తాగెటోనికి చేతులు వణుకుతయి, ఫిట్స్ వస్తయి. నిజామాబాద్ దిక్కు, మన దిక్కు ఎన్ని దవాఖానలల్ల చూడలే? నీ సైకిలు యాత్రికునికి అది పోస్తవా?”

బామ్మర్ది ఈ దెబ్బ కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకు జరిగాడు. “ఆడ కల్తీ లేకుండెనా? 1907ల దక్షిణ ఫ్రాన్సుల రైతులు లక్షలల్ల బజార్ల పడ్డరు. చక్కెర నీళ్లు కలిపిన దొంగ వైన్ వచ్చి మా ద్రాక్షకు ధర లేదని. ఫౌజు వచ్చి కాల్పులు జరిపింది, మనుషులు సచ్చిండ్రు. దాని మీద చట్టం వచ్చింది. 1935ల ఊరి పేరును కాపాడనీకి ఇంకో చట్టం. 1936ల వూవ్రేకు హక్కు దొరికింది. ఆ ఊరి చుట్టుపక్కల పండిన ద్రాక్షతోని చేస్తెనే ఆ పేరు పెట్టాలె. కల్తీ ఉన్నదని వాళ్లు వైన్‌ను ఇడిసిపెట్టలే. గోవా ఫెనీకి 2009ల భౌగోళిక గుర్తింపు రాలేదా? మన తాటికల్లుకు ఎందుకు రావద్దు?”

వాదంగా చూస్తే ఇది గట్టిదే. అయితే ఇందులో బామ్మర్ది దాటేసిన సంగతి ఒకటుంది, బావ దాన్ని వదల్లేదు. ద్రాక్ష నడుమెత్తు తీగ. నిలబడి కోయొచ్చు. తాడి చెట్టు అలా కాదు. నడుముకు మోకు, కాళ్లకు గుజి తగిలించుకొని రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కరు పదుల చెట్లెక్కాలి. జారితే ప్రాణం పోవచ్చు, మంచం పట్టొచ్చు. గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో ప్రభుత్వం రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది 2024లో. కాటమయ్య గౌండ్ల కులదైవం. అంతకుముందు తరాలన్నిటికీ ఆ దేవుడి పేరే కవచం.

“ఆ పనికి పిల్లలను పంపుతున్నరా గౌండ్లోళ్లు ఇప్పుడు?” బావ అడిగాడు. “వాళ్లు సుత దుబాయికి పోతున్నరు. నీ లోయకు యాత్రికులొచ్చే సరికి చెట్టెక్కెటోడు ఉండాలె గదా.”

“వస్తే ఉంటడు. పైసలొస్తే ఎందుకు పోతడు? సరే, ఇంకోటి చెప్త. మన గోదారి వైన్ నది కాదంటవా? నాసిక్‌ల ఏమున్నది? త్ర్యంబకం కాడ పుట్టి పట్టుమని ముప్పై కిలోమీటర్లు రాకముందే గోదారి ఒడ్డుకు ద్రాక్షతోటలు. గంగాపూర్ డ్యాం పక్కన సులా కంపెనీ 1999ల మొదలువెట్టింది. ఇప్పుడు బస్సులకు బస్సులు పోతయి. పక్కనే రాంశేజ్, హరిహర్ కోటలు. నది మొదట్లనే కోటలు, వైన్ రెండూ ఉన్నయి. అదే నీళ్లు మనదాకా వచ్చేసరికి ఏమయినట్టు?”

“మనదాకా వచ్చేసరికి వరి, పసుపు అయినయి.” బావ నవ్వాడు. “ద్రాక్ష సుత పండిచ్చిండ్రు ఒకప్పుడు. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శామీర్‌పేట దిక్కు పందిళ్లే పందిళ్లు. అనాబెషాహీ అంటే దేశమంత పేరు. ఇప్పుడు ఆ పందిళ్ల జాగల నీ అసుంటోళ్ల అపార్ట్‌మెంట్లు లేచినయి.”

బామ్మర్దిది కొంపల్లిలో మూడు గదుల ఫ్లాటు. అతను కల్లు సీసా తీసి అక్కకు అందించాడు.

*

బోనం అయ్యాక బామ్మర్ది హైదరాబాదు బయల్దేరాలి. దారిలో ఎలగందుల చూపిస్తానని బావ కారెక్కాడు. అక్క కూడా ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక కరీంనగర్‌కు వందసార్లు పోయిన ఆమె ఆ గుట్ట ఎక్కడం అదే మొదలు. వాదం మొత్తంలో ఇంతకన్నా బలమైన సాక్ష్యం మరొకటి రాలేదు. అది ఏ పక్షానికి చెందుతుందో ఇద్దరూ తేల్చుకోలేదు.

ఎలగందుల పాత పేరు వెలిగందుల. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, చివరికి నిజాములు ఏలిన చోటు. ఒకప్పుడు జిల్లా పేరే ఎలగందుల. 1905లో జిల్లాకు కరీంనగర్ పేరొచ్చాక ఇది మెల్లగా మామూలు ఊరైపోయింది. ఎండిన కందకం దాటి, ఒకదాని తర్వాత ఒకటి దర్వాజాలు దాటుతుంటే మెట్ల మీద మేకలు ఎదురొస్తాయి. పైకెక్కితే ఒకవైపు జఫరుద్దౌలా 1754లో కట్టించిన మసీదు జంట మినార్లు, ఇంకోవైపు దిగువ మానేరు నీళ్లు. ఒక మినారు ఊపితే రెండోది ఊగుతుందని చెబుతారు.

గోడ మీద కూర్చొని ఊపిరి తీసుకుంటూ బామ్మర్ది దాచుకున్న తురుపు ముక్క వేశాడు. “జగిత్యాల కోట కట్టింది ఫ్రెంచోళ్లే గదా! జాక్, తాల్ అని ఇద్దరు ఇంజనీర్లు. వాళ్ల పేర్లే జగిత్యాల అయింది. లువార్‌కు మనకు చుట్టరికం అప్పుడే ఉన్నది.”

“చెప్పుకుంటరు,” బావ నెమ్మదిగా అన్నాడు. “1747ల ఇబ్రహీంఖాన్ ధంసా కట్టించిండని. ఈ మినార్లు కట్టించిన జఫరుద్దౌలా ఆయననే. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫౌజు తీసుకొని దక్కనుకు వచ్చింది 1751ల. నాలుగేండ్ల ముందే ఇద్దరు ఫ్రెంచోళ్లు జగిత్యాల దాకా ఎట్ల వచ్చిండ్రు? రాకూడదని కాదు. మచిలీపట్నం, యానాంల అప్పటికే వాళ్ల కొఠీలుండె. పేరు సంగతి నేను నమ్మ. పక్కన పొలాసల పన్నెండో శతాబ్దంలనే జగ్గదేవుడని రాజుండె. ఊరి పేరు ఆయనదే కావచ్చు. ఆకారం మాత్రం ఒప్పుకుంట. నక్షత్రం తీరుగ కోణాలు కోణాలు, చుట్టు కందకం. గుండు ఏ దిక్కు నుంచి వచ్చినా గోడకు నేరుగ తగలకుంట. పద్నాలుగో లూయీ కాడ వోబాన్ అనే ఇంజనీరు కట్టిన కోటలు గట్లనే ఉంటయి. నిర్మల్‌ల సుత ఫ్రెంచోళ్ల చెయ్యి ఉన్నదంటరు.”

“మరి నేను చెప్పింది అదే కదా!”

“కాదు. వాళ్లు మన లోయకు తెచ్చింది ఫిరంగి. వైన్ కాదు.”

కిందికి చూస్తూ బామ్మర్ది నీళ్ల విస్తీర్ణం అడిగాడు. సంభాషణ డ్యాముల మీదికి మళ్లింది. మానేరు చిన్న నది. అయినా నర్మాల దగ్గర ఎగువ మానేరు, వేములవాడ పక్కన మధ్య మానేరు, కరీంనగర్ దగ్గర దిగువ మానేరు, మూడు ఆనకట్టలు. మధ్య మానేరు కింద అనుపురం, రుద్రవరం, సంకెపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. గోదావరి మీద ఎల్లంపల్లి కట్టాక కోటిలింగాల దగ్గరికీ నీళ్లొచ్చాయి. శాతవాహనుల మొదటి రాజు సిముకుని నాణేలు బయటపడ్డ చోటది. లువార్ మీద మాత్రం ఎగువన సేర్ ద లా ఫార్ దగ్గర కట్టబోయిన ఆనకట్టను ఊరివాళ్లు ఏళ్ల తరబడి అక్కడే గుడారాలేసుకొని అడ్డుకున్నారు. 1994లో ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది.

“అందుకే వాళ్ల లోయ లోయలెక్క ఉన్నది,” అన్నాడు బామ్మర్ది.

“అదే నది మీద నాలుగు అణు కరెంటు కేంద్రాలున్నయి, అవి ఫొటోలల్ల ఎందుకు లేవు?” బావ అతని ఫోన్ వైపు చూపాడు. “షినోన్ కాడ ఒకటి. నువ్వు తాగిన వైన్ ఊరే. మనకు రామగుండం బూడిద కనవడ్డట్టు నీకు అది కనవడలే. రామగిరి ఖిల్లా ఎక్కితే చుట్టూ బొగ్గు గనులే. మన దగ్గర కష్టం ముందుగాల కనవడుతది, కోట తర్వాత కనవడుతది. నువ్వు అక్కడ టూరిస్టువు, ఇక్కడ ఇంటోనివి. తేడా అక్కడనే ఉన్నది.”

ఇక్కడ బావ కాస్త అన్యాయం చేశాడు. పరాయి ఊరి యాత్రికుడికి బురదలేని కళ్లు ఉండడం నేరమేమీ కాదు. బామ్మర్దికి ఆ కళ్లతోనే ఎలగందుల దర్వాజా మీది పనితనం కనిపించింది. ఫొటో తీశాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పిన బావ తన బడి నుంచి ఒక్క తరగతిని కూడా ఈ గుట్ట ఎక్కించలేదని అక్క అప్పుడే గుర్తు చేసింది. ఆయన గోడమీది నాచు గీరుతూ కూర్చున్నాడు.

*

గుట్ట దిగి రోడ్డెక్కేసరికి పొద్దు వాలుతోంది. రోడ్డు పక్కన తాళ్ల వరుస, కింద నాలుగు బండలు, తడక. మండువ. ఈసారి కారు ఆపమన్నది బావే. తాగడానికి కాదన్నాడు, చూపించడానికన్నాడు.

గౌడన్న అప్పుడే చెట్టు దిగుతున్నాడు. మోకు విప్పి భుజానేసుకొని, లొట్టిలోంచి వంచుతూ పోతుదాడా పరుపుదాడా అని అడగకుండానే చెప్పాడు. ఇద్దరు పెద్దమనుషులు, ఒక ఆడమనిషి మండువకు రావడం ఆయనకు వింతగా ఉన్నట్టుంది. తడక వెనక బండ తుడిచాడు.

“సర్వాయి పాపన్న సంగతి చెప్పలేదు నీకు,” బావ కూర్చుంటూ అన్నాడు. “కోట, కల్లు రెండూ కావాలంటివి కదా. రెండూ ఒక్క మనిషిల ఉండె. గౌండ్లాయన. కులపని ఇడిసి మనుషులను కూడగట్టిండు. జనగామ దిక్కు ఖిలాషాపూర్‌ల కోట కట్టిండు, మన సైదాపూర్ దిక్కు సర్వాయిపేటల సుత ఆయన కోటనే. 1708ల వరంగల్ మీద పడి దోచిండు. మొగలులు 1710ల పట్టుకొని చంపిండ్రు. అప్పటి పార్శీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయనను దొంగ అని రాసిండు. మనోళ్లు పాటలు కట్టిండ్రు. రిచర్డ్ ఈటన్ అని అమెరికా చరిత్రకారుడు దక్కను మీద రాసిన పుస్తకంల ఒక అధ్యాయమే పాపన్న మీద పెట్టిండు.”

“ఇది లువార్‌ల లేదు,” బామ్మర్ది ఒప్పుకున్నాడు. “ద్రాక్ష కోసెటోడు కోట కట్టిన కథ నాకు ఎవరూ చెప్పలే.”

“చెప్పిన గదా, దేని తీరు దానిది.”

“గట్లంటే గిన్నేండ్లు ఎవలికీ చెప్పకుంట ఇంట్ల కూసుంటవా బావా? ఖిలాషాపూర్‌కు బస్సు పెట్టుమను. ఖిల్లా చూపెట్టి, తాటివనంల కూసోవెట్టి, పొద్దటి కల్లు పోసి పాపన్న కథ చెప్పుమను. లొట్టికి సున్నం పూస్తే పులువదు గదా, తాగనోళ్లకు నీరా ఇయ్యి. హైదరాబాదుల 2023ల నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ పెట్టిండ్రు. చెట్లు ఈడ, కేఫ్ ఆడ. వైన్ సీసాలకెక్కి మనిషికాడికి పోతది. కల్లుకాడికి మనిషే రావాలె. రప్పియ్యనీకి ఇంతకన్న ఏం కావాలె?”

బావ వెంటనే ఖండించలేదు. మోదుగాకు డొప్ప ఎడమచేతిలోకి తీసుకొని కొంచెం నేలమీద సాక పోశాడు. అటూ ఇటూ చూశాడు. తన శిష్యులెవరూ కనబడలేదు. తాగాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“గోదారి దాటితే ఇంకో లెక్క,” మూతి తుడుచుకొని అన్నాడు. “ఆదిలాబాద్‌ల గోండులు ఇప్పసారా దేవునికి పోస్తరు. ఇప్పపువ్వు ఎండవెడితే ఏడాది ఆగుతది. ఉట్నూరుల ఆడోళ్లు దాంతోని లడ్డూలు చేసి అమ్ముతున్నరు. గోండు రాజుల కోట సుత ఉట్నూరులనే ఉన్నది. దక్షిణ ఒడ్డుకు తాటి, ఉత్తర ఒడ్డుకు ఇప్ప. నువ్వు బస్సు పెడితే ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు పెట్టాలె. నడుమల ధర్మపురిల స్నానం చేపియ్యి, లేకుంటే మనోళ్లు ఎక్కరు.”

“మరి పొద్దున వద్దంటివి?”

“గడులు వద్దన్న. ఇంకా వద్దనే అంటున్న.”

బామ్మర్దికి ఇంకో కోరిక పుట్టింది. కూతురు వచ్చే నెల సెలవుకు వస్తోంది. అంతదాకా ఆగేది కాదని తెలుసు, కనీసం భార్యకైనా రుచి చూపిస్తానని కారులోంచి ఖాళీ వైన్ సీసా తెచ్చాడు. లువార్ నుంచి ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకొచ్చి, నిన్న రాత్రి బావతో కలిసి ఖాళీ చేసిన వూవ్రే సీసా అది. గౌడన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెడ దాకా పోయకుండా నాలుగు వేళ్లు వెలితి ఉంచాడు.

“బిరడ గట్టిగ పెట్టకు సారూ. సిద్దిపేట దాటకముందే ఎగురుతది.”

“ఏసీ పెట్టుకొని పోత అన్నా.”

“ఏసీకి ఆగదు.”

బావను, అక్కను కరీంనగర్ బస్టాండులో దింపి వేములవాడ బస్సు ఎక్కించేదాకా ఆ సీసా అక్క ఒళ్లోనే ఉంది. లోపల బుడగలు లేచి బిరడాను తోస్తున్నాయి. బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి బావ రెండుసార్లు అరిచాడు, మూత తీసెయ్యమని. బామ్మర్ది సీసాను ముందు సీట్లో నిలబెట్టి, చుట్టూ తువ్వాల చుట్టి, దానికి బెల్టు పెట్టాడు.